యారాలి చేతి రొట్టె

మా యారాలు పిండి కలుపుతుంటే పక్కన నిలబడి చూడటం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. తోటికోడలిని మా వైపు యారాలంటారు. ఆమె మా మరిది భార్య. నాకంటే చిన్నది, ఈ ఇంటికి నా తర్వాత చాలా ఏళ్ళకు వచ్చింది. ఆమెకు కొలతలు లేవు, గడియారం లేదు. బేసిన్‌లో మైదా గుమ్మరించి, చెంబుతో నీళ్ళు వంచి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని వాళ్ళమ్మతో మాట్లాడుకుంటూ కలుపుతుంది. ఆ రొట్టె పొంగుతుంది. నేను పుస్తకాలు చదివి, చెంచాలోని పొడిని వేలితో గీసి సమం చేసి, చేతులు సబ్బుతో కడుక్కొని మొదలుపెడతాను. నాది పీటలా కూర్చుంటుంది.

కుళ్ళు అనేది మంచి మాట కాదని తెలుసు. దీనికి ఇంకో మాట కోసం వెతికాను. దొరకలేదు.

మేముండేది ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపల. మా చర్చి చిన్నది. నెలకొకసారి, మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసు పేరిట రొట్టె విరిచి అందరం పంచుకుంటాం. పెద్ద పండుగలకు ఇంకోసారి. చాలా చర్చిల్లో దానికి బేకరీ బ్రెడ్డో, చపాతీలాంటి పొంగని రొట్టో వాడతారు. మా దగ్గర మాత్రం ఇంట్లో కాల్చిన, పొంగిన రొట్టె వాడటం అలవాటు. అది మా ఇంటి నుంచే పోతుంది. మా అత్తమ్మ తండ్రి ఒకప్పుడు దొరల బంగళాలో వంట చేసేవాడట. ఈస్ట్ పొడి దొరకని ఆ రోజుల్లో దొరల రొట్టెకు పిండిని ఈత కల్లుతో కలిపేవారు. ఆయన దగ్గర అత్తమ్మ నేర్చుకుంది. శనివారం పొద్దున చెట్టు దిగిన కల్లు తెప్పించి, గుడ్డలో వడగట్టి, మైదాలో పోసి, రెండు చేతులా పిసికి, గొంగడి కప్పి పెట్టేది. సాయంత్రానికి బేసిన్ నిండేది. ఆ రొట్టెలో ఒక పులుపు ఉండేది. చర్చిలో ముసలివాళ్ళు చిన్న ముక్కను కూడా చాలాసేపు నమిలేవారు.

కల్లు ఎందుకు పొంగిస్తుందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను చదివి తెలుసుకున్నాను. ఈత గీసినప్పుడు కారే నీరు తియ్యగా ఉంటుంది. కంటికి కనబడనంత చిన్న ఈస్ట్ జీవులు గాలిలోంచీ, కుండ అంచు నుంచీ అందులో చేరి ఆ తీపిని తింటాయి. తిని గాలి వదులుతాయి. కల్లు నురగ కక్కేది అందుకే. అంటే రొట్టెకు కావాల్సిన ఈస్టూ, దాని తిండీ, నీళ్ళూ మూడూ ఒకే కుండలో చెట్టు మీంచి దిగి వస్తున్నాయన్నమాట. ఇది చదివిన రోజు సంతోషంతో ఇంటికొచ్చి చెప్తే మా యారాలు, "అయితే కల్లు తాగినోల్లు గూడ పొంగాలె గదక్కా," అన్నది. అత్తమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

నాది పదో తరగతి చదువు. ఆ తర్వాత నాకు కాలేజీ అయినా, ఇంకేదైనా గ్రంథాలయమే. తెలుగు పుస్తకాలు అయిపోతే ఇంగ్లిషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకొని చదివేదాన్ని. ఆ ఇంట్లో నా చదువు ఎవరికీ అడ్డం కాదు, ఎవరికీ అవసరమూ కాదు. కూరలో ఉప్పెంతో అడుగుతారు, కరెంటు బిల్లు చదవమంటారు. అంతే. నేను చదివిన దానితో ఏదో ఒక పని అయి, నలుగురూ చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉండేది.

ఆ అవకాశం నిరుడు వచ్చింది. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు ఒకరోజు ఇంటికొచ్చి, చాయ తాగి, మెల్లగా విషయం ఎత్తారు. "అమ్మా, పొల్లగాండ్లను తాగుడు బంద్ చేయుండ్రని నేను స్టేజీ మీద చెప్పాలె. ప్రభువు రొట్టెల కల్లుంటదని తెలిస్తె వాళ్ళేమంటరు?"

"కాలినంక కల్లేడుంటదయ్యా," అన్నది అత్తమ్మ. "వేడికి పోతది."

"నాకు ఎర్కే అమ్మా. అడిగేటోల్లకు జవాబు చెప్పేది మాత్రం నేనే గదా."

అత్తమ్మ ఆయనతో వాదించలేదు. ఆయన పోయాక తన మణికట్లు రుద్దుకుంటూ మా ఇద్దరినీ పిలిచింది. "నాకు ఆ ఈస్ట్ పొడి సంగతి ఎర్కలేదు. నా చేతులు గూడ పనిజేస్తలేవు. ఇగ నుంచి మీరు చేయుండ్రి. ఇద్దరు చెరొకటి కాల్చుండ్రి. మంచిగైంది చర్చికి పోతది. ఇంకోటి మనం చాయల ముంచుకుందం."

అంటే ఇద్దరిలో ఒకరికి ఆ పని దక్కుతుంది. అత్తమ్మ తర్వాత చర్చి రొట్టె ఎవరిదో తేలుతుంది. అది నాదేనన్న దానిలో నాకు అనుమానమే లేదు. యారాలికి ఈస్ట్ అంటే దుకాణంలో దొరికే పొట్లం. నేను పొట్లం వెనక ఉన్నదంతా చదివినదాన్ని.

వారమంతా గ్రంథాలయంలోనే ఉన్నాను. ఈస్ట్‌ను గోరువెచ్చని నీళ్ళలో వేసి, చిటికెడు చక్కెర కలిపి, నురుగు వచ్చేదాకా ఆగాలి. ఉప్పును దానికి నేరుగా తగలనివ్వొద్దు. ఉప్పు దాని ఉరుకును తగ్గిస్తుంది. చక్కెర మితిమీరినా అంతే. పాలు పోస్తే రొట్టె మెత్తగా, పైన ఎర్రగా వస్తుంది, కానీ పాలు ఒకసారి మరిగించి చల్లార్చాలి. ఇవన్నీ నాకు నోటికొచ్చాయి.

శనివారం మధ్యాహ్నం, ఏప్రిల్ ఎండ. మిద్దె మీది నల్ల ట్యాంకు నుంచి నీళ్ళు పట్టాను. పుస్తకం వేడి చేయమంది కాబట్టి పొయ్యి మీద పెట్టాను. చెంచాలతో కొలిచాను. పిండి చేతికి అంటుకున్నప్పుడల్లా ఇంకాస్త మైదా చల్లాను. నాకు చేతులకు జిగట అంటుకుంటే సహించదు. పుస్తకం చెప్పిన సమయానికి తీసి, పుస్తకం చెప్పినట్టు ఓవెన్‌లో కాల్చాను. రొట్టె అందంగా, గుండ్రంగా, చేత్తో కొడితే తలుపు కొట్టినట్టు చప్పుడయ్యేలా వచ్చింది.

యారాలు గడప పక్కన కూర్చొని, చేయి చాపితే అందే మట్టి రంజన్‌లోంచి చల్లటి నీళ్ళు ముంచి పోసింది. ఎక్కువైంది. పిండి ఊబిలా అయింది. "ఇగ ఏంజేస్త, మైదా డబ్బ ఆడున్నది, లేచుడెవలు," అని అట్లాగే మూతపెట్టి పడుకుంది. నిజంగానే పడుకుంది, గురక వినబడింది. లేచేసరికి పిండి మూతను ఎత్తేసింది. నవ్వుకుంటూ దాన్ని కాల్చే డబ్బాలోకి జార్చి ఓవెన్‌లో పెట్టింది.

అత్తమ్మ రెండింటినీ ఒక అంచున విరిచింది. నాది విరగడానికి కత్తి అడిగింది. యారాలిది చేతిలోనే దూదిలా విడిపోయింది. లోపల తేనెపట్టులాగా రంధ్రాలు. అత్తమ్మ ముక్క నోట్లో పెట్టుకుంది. మిగతా రొట్టెను తెల్లగుడ్డలో చుట్టింది. మేము చాయలో ముంచుకున్నది నాది.

ఆదివారం అయ్యగారు బల్ల ముందు నిలబడి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. సహోదరి మీద ఏదైనా మనసులో పెట్టుకొని ఇక్కడికి రావద్దు, ముందు దాన్ని దింపుకొని రండి అని. ఎప్పుడూ నా పక్క నుంచి పోయే మాట ఆ రోజు నన్ను చూసి ఆగింది. వరస వరసగా ఆడవాళ్ళు లేచి ముందుకు పోయి మోకరిస్తున్నారు. నా వరస వచ్చింది. యారాలు లేచింది. నేను కూర్చునే ఉన్నాను. దింపుకోలేదు, దింపుకున్నట్టు నటించటం చేతకాలేదు. మా చర్చిలో బల్లకు లేవని ఆడమనిషిని అందరూ చూస్తారు. ఏం చేసిందో, ఎవరితో కొట్లాడిందో అని ఇంటిదాకా మాట్లాడుకుంటూ పోతారు.

"ఎందుకు లేవకపోతివే?" అన్నది అత్తమ్మ దారిలో.

"కాళ్ళు తిమ్మిరెక్కినయి."

"రొట్టె కాడికే ఎక్కే తిమ్మిరా అది? మొన్న పెండ్లిల బగార అన్నం కాడికి మంచిగనే ఉరికినవ్."

యారాలు నా వైపు చూసింది. ఏమనుకుందో తెలియదు. నా చేతిలోని బైబిలు సంచి తీసుకుని తనే మోసింది. దాంతో ఇంకా మండింది నాకు.

ఆ తర్వాత ప్రతి నెలా ఇదే నడిచింది. ఆమె రొట్టె చర్చికి పోయేది, నాది చాయలోకి. నేను లేచేదాన్ని కాదు. మా ఆయన ఒకసారి, "పోనీ రొట్టె చేసుడు ఇడిసిపెట్టరాదు," అన్నాడు. వదిలేస్తే ఆమె గెలిచినట్టు. చేస్తే నెలనెలా గెలుస్తూనే ఉంది.

నేను మళ్ళీ గ్రంథాలయానికి పోయాను. ఈసారి ఎలా చేయాలో కాదు, ఆమెది ఎందుకు పొంగుతోందో తెలుసుకోవడానికి. వెతికితే దొరికింది. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ ఇళ్ళల్లో నీళ్ళు మంచులా ఉంటాయి, గది చలిగా ఉంటుంది. వాళ్ళు వెచ్చబెట్టమన్నది అందుకు. ఏప్రిల్‌లో మా ట్యాంకు నీళ్ళు చేయి పెట్టనివ్వవు. నేను వాటిని పట్టుకొచ్చి మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. ఈస్ట్‌లో సగం అక్కడే చచ్చింది. నీళ్ళ పైన వచ్చిన కొద్దిపాటి నురుగును చూసి నేను సంబరపడ్డాను. మిగిలిన సగం బతికి పనిచేసినా, నేను చల్లిన మైదాలో ఇరుక్కుపోయింది. పిండి పలుచగా ఉంటే గాలి బుడగ సాగుతుంది. గట్టిగా ఉంటే బుడగకు గోడలు కదలవు. పైగా ఎండాకాలం వేడిలో ఈస్ట్ ఉరికి ఉరికి తొందరగా అలసిపోతుంది. చల్లటి నీళ్ళు పోస్తే నిదానంగా, ఎక్కువసేపు పనిచేస్తుంది. రుచి కూడా ఆ నిదానంలోనే వస్తుంది.

అంటే పిండికి కావాల్సింది రంజన్ నీళ్ళు, ఎక్కువ తడి, చాలా సమయం. ఆ మూడూ ఆమె ఇచ్చింది. ఎందుకిచ్చింది? రంజన్ దగ్గరగా ఉంది కాబట్టి. లేచి మైదా తెచ్చే ఓపిక లేదు కాబట్టి. నిద్రొచ్చింది కాబట్టి. ఆ పుస్తకం మూసేశాను. ఒక మనిషి నాకంటే ఎక్కువ చదివి గెలిస్తే ఓర్చుకుంటాను. బద్ధకంతో గెలిస్తే ఎలా ఓర్చుకోను?

బద్ధకం కూడా నేర్చుకుందామని చూశాను. వానాకాలంలో ఒకసారి నీళ్ళు ఎక్కువ పోసి, పిండి కలిపి, మూతపెట్టి, దాన్ని ముట్టుకోకుండా ఉండటానికి ఆటో ఎక్కి గ్రంథాలయానికి పోయాను. పత్రిక చేతిలో ఉంది, కళ్ళు పిండి మీద ఉన్నాయి. పోయినంత తొందరగానే తిరిగొచ్చాను. మూత తీశాను. పెట్టాను. మళ్ళీ తీశాను. గాలి తగిలి పైన పొరకట్టింది. పలుచగా ఉందని భయమేసి మైదా చల్లాను. తెలిసింది అంతా నా తలలో ఉంది, చేతులు మాత్రం నా మాట వినలేదు.

"అక్కా, దాన్ని జర ఊపిరి పీల్చుకోనియ్యి," అనేది యారాలు మంచం మీద నుంచి. "అత్తమ్మ నన్ను చూసినట్టు చూస్తానవ్ దాన్ని."

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్‌కు రొట్టె పెద్దది కావాలి, ఊళ్ళ నుంచి కూడా జనం వస్తారు. ముందు రోజు పొద్దున్నే ఇద్దరం పిండి కలిపాం. చలికి ఇంట్లో నేల బండలు కాళ్ళను కొరుకుతున్నాయి. నేను నీళ్ళు వేడిచేసి, మోచేతితో చూసుకొని, నిజంగా గోరువెచ్చగా ఉన్నప్పుడు పోశాను. బేసిన్‌కు గొంగడి చుట్టి బియ్యం సంచుల మధ్య పెట్టాను. ఈ చలికి అదే సరైనది, పుస్తకం రాసినవాళ్ళ చలి ఇప్పుడు మా ఇంటికొచ్చింది. చలి పుణ్యమా అని నా చేతులు కూడా బద్ధకించాయి, గొంగడి మాటిమాటికీ తీయబుద్ధి కాలేదు. మధ్యాహ్నానికి నా పిండి బేసిన్ అంచు దాకా వచ్చింది. వేలితో నొక్కితే మెల్లగా పైకి లేస్తోంది. మొదటిసారి నాది పొంగింది, అదీ క్రిస్మస్‌కు. ఓవెన్ వేడిచేయడమే తరువాయి.

అప్పుడు యారాలు బేసిన్ పట్టుకొని వచ్చింది. ఆమె పిండి పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉంది, చలిముద్దలా.

"అక్కా, ఇది పొంగుతలేదు. ఎందుకైతలేదో చెప్పవా?"

నేను మాట్లాడకుండా ఉండి ఉంటే సరిపోయేది. ఓవెన్ ముట్టించి నాది లోపల పెడితే తెల్లారి అందరూ నా రొట్టె తినేవాళ్ళు. కానీ ఆ ఇంట్లో నన్ను 'ఎందుకు' అని అడిగిన మొదటి మనిషి ఆమె. నోరు ఊరుకోలేదు.

"ఏ నీళ్ళు పోసినవ్?"

"రంజన్లయే. ఎప్పుడు పోసేటియే."

"బేసిన్ ఏడ పెట్టినవ్?"

"బండల మీద."

"అది చావలేదు, పండుకుంది. చలికి ఎవలు లేస్తరు?"

"నా లెక్కనే అన్నట్టు."

"నీ లెక్కనే. దాన్ని వెచ్చగ పెట్టాలె. బాత్‌రూంల వేడినీళ్ళ బకెట్ పెట్టి, పక్కన బేసిన్ పెట్టి తలుపు వేస్తే రెండు గంటలల్ల లేస్తది."

అత్తమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది. "ప్రభువు రొట్టె బాత్‌రూంలనా? మీ ఇద్దరికి పిచ్చిగాని లేసిందా?"

"అయితే ఓవెన్ల పెడదం," అన్నాను. "ముట్టియ్యకుండ. గిన్నెల సలసల మసిలే నీళ్ళు పెట్టి, మీద తట్టల ఇది పెట్టి తలుపు వేద్దం. ఆవిరికి పైన పొర గూడ కట్టది."

పెట్టాం. ఓవెన్ అద్దం ముందు ఇద్దరం చతికిలబడి కూర్చున్నాం. ఆమె అడుగుతూ పోయింది. ఎండాకాలం చల్లనీళ్ళెందుకు, ఇప్పుడు వేడినీళ్ళెందుకు. పాలు పోస్తే ఏమైతది, ఉప్పు ఏంజేస్తది. కల్లుకూ పొడికీ తేడా ఏంది. నేను చెప్తూ పోయాను. ఏడెనిమిది నెలలుగా మింగినదంతా బయటికొచ్చింది. ఆమె నవ్వకుండా విన్నది. అద్దం వెనక ఆమె పిండి కదిలింది, ఉబ్బింది, తట్ట నిండింది.

అప్పుడు నా పిండి గుర్తొచ్చింది. బియ్యం సంచుల మధ్య అది పొంగాల్సినంత పొంగి, ఆగి ఆగి, మధ్యలో గుంటపడి కిందికి దిగిపోయింది. ఇంట్లో ఒక్కటే ఓవెన్. అందులో ఆమెదుంది. వేళ దాటితే ఈస్ట్ తిండి అయిపోతుంది, బుడగలు పగులుతాయి, పిండి కూలుతుంది. ఇదీ చదివాను. చదివినదంతా ఆమెకు చెప్తూ దీన్ని మరిచాను.

ఆమె రొట్టె కాలి వచ్చింది. ముందరి వాటన్నిటికంటే పెద్దగా, బంగారు రంగులో. అత్తమ్మ దాని మీద అరచేయి పెట్టి చూసుకుంది, తండ్రి చేసినదాన్ని చూసినట్టు. తర్వాత నా కూలిన పిండిని చూసింది. నన్ను చూసింది.

"ఇగ ఈ పోటీ వద్దు," అన్నది. "చిన్నదే చేస్తది ఇప్పటి సంది."

తేలిపోయింది. బేసిన్ కడగడానికి లేచాను.

"అక్క నీళ్ళు పోస్తెనే చేస్త," అన్నది యారాలు.

"నీళ్ళు పోసేటందుకు నేనెందుకు? నల్లా ఉన్నది గదా," అన్నాను అటు తిరిగే.

"నల్లాకు ఎండ ఎర్కనా, చలి ఎర్కనా? నాకు గూడ ఎర్కలేదు. ఏ నెల ఏ నీళ్ళో నువ్వే చెప్పాలె, నువ్వే పోయాలె. లేకపోతె నాతోని కాదత్తమ్మా."

అత్తమ్మ నా జవాబు కోసం ఆగింది. నాకది అవమానంగా తోచింది. ఇన్ని పుస్తకాలు చదివి చివరికి ఇంకొకరి బేసిన్‌లో నీళ్ళు పోయటమా? "చూద్దాం," అన్నాను.

క్రిస్మస్ పొద్దున అయ్యగారు అదే మాట చెప్పారు. మనసులో ఉన్నది దింపుకొని రండని. నేను నా లోపల చూసుకున్నాను. అది ఉన్నచోటే ఉంది. కానీ తెల్లగుడ్డ తీసి ఆయన ఆ రొట్టెను విరిచినప్పుడు నా చూపు దాన్ని వదల్లేదు. అందులో పోసిన నీళ్ళ సంగతి నాకు తెలుసు, అది ఎందుకు నిద్రపోయిందో, ఎలా లేచిందో తెలుసు. లోపల ఎలా వచ్చిందో చూడకుండా ఉండలేకపోయాను. నేను మారి లేవలేదు. చూడాలని లేచాను. అది తప్పయితే ఆ తప్పును కూడా ముందుకే తీసుకుపోదామనుకున్నాను. యారాలు పక్కకు జరిగి చోటిచ్చింది. ఇద్దరం పక్కపక్కన మోకరించాం. నాకు అంచు ముక్క వచ్చింది. రంధ్రాలు పెద్దవీ చిన్నవీ కలిసి, ఉండాల్సినట్టే ఉన్నాయి. నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా ఉంది, చివర కొద్దిగా పులుపు కూడా. నాకు ఆ క్షణాన ఆమె మీద ఎంత కుళ్ళుందో, ఆ ముక్క అంత బాగుంది.

బయటికొచ్చాక ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. ఆమె వాళ్ళను విడిపించుకొని నా దగ్గరికి వచ్చింది.

"ఎట్లున్నదక్కా?"

"ఉప్పు ఎక్కువైంది."

"నిన్న ఉప్పు గురించి అంతసేపు చెప్పినవ్ గదా, అప్పుడే అనకపోతివి."

"ఉప్పు ఏంజేస్తదో చెప్పిన. ఎంత వెయ్యాల్నో నువ్వు అడగలే."

"అయితే వచ్చే నెల ఉప్పు గూడ నువ్వే వెయ్యి."

సరేనన్నాను. అప్పటి నుంచి నీళ్ళూ ఉప్పూ నా వంతు. ఎండ ముదిరితే రంజన్‌లో చేయి పెట్టి చూస్తాను, చలి వస్తే మోచేతితో చూస్తాను, బేసిన్‌లో పోసి పక్కకు జరుగుతాను. ఆమె ఫోను చెవికి ఇరికించుకొని రెండు చేతులూ పిండిలో ముంచుతుంది. నాకు కావాల్సింది ఆ ముంచటమే. అది మాత్రం నన్ను చేయమని ఆమె అనలేదు, చేస్తానని నేనూ అడగలేదు.